సేనాని చెంప మీది గీత

ఆఫీసులో ఆవిడను సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. జల్లెడ అనేవారు. వీడియో గేములు తయారుచేసే ఆ కంపెనీలో తప్పులు పట్టడం ఆవిడ ఉద్యోగం. గేము జనం చేతికి వెళ్ళేలోపు మొదటి నుంచి చివరిదాకా ఆడి చూడాలి. గోడలోంచి నడిచిపోయే గుర్రాన్నీ, చచ్చాక కూడా కబుర్లు చెప్పే కాపలావాణ్ణీ, తాళం తీయకుండానే తెరుచుకునే తలుపునూ పట్టుకోవాలి. ఒక్కో తప్పునూ కంప్యూటర్లో నమోదు చేసి, చేసినవాళ్ళ నెత్తిన పెట్టాలి. ఆవిడ కన్నుగప్పి ఏదీ జారిపోదని ఆ పేరు వచ్చింది. మొదట్లో వెక్కిరింతగానే పెట్టారు. పోనుపోను అదే మర్యాదై కూర్చుంది. ఆవిడ కూడా ఫోనెత్తి "జల్లెడని మాట్లాడుతున్నా" అనేదాకా వచ్చింది.

ఆ ఏడాది ఆవిడ ప్రాణం తోడేసినవాడు సేనాని.

సేనాని అంటే కొత్త గేములో విలన్. రాణి కొలువులో నమ్మకంగా ఉంటూనే కోట తలుపులు శత్రువుకి తీసి, చివరికి ఆవిడ కిరీటానికే ఎసరు పెట్టినవాడు. కథ బాగానే ఉంది, మనిషే ఒక్కడుగా లేడు. యుద్ధంలో రాణికన్నా తలెత్తు పొడుగుంటాడు, కొలువులో నిలబడితే ఆవిడ భుజం కూడా అందుకోడు. అంగీ ఒక గదిలో నీలం, గడప దాటేసరికి ఎరుపు. గడ్డం పొద్దున ఉంటుంది, మధ్యాహ్నం ఊడిపోతుంది, సాయంత్రానికి రొమ్ముదాకా దిగుతుంది. ఆటగాడు ఎదుర్కొని పోరాడే సేనానిని ఒక బృందం చేసింది. మధ్యమధ్య సినిమాలాగా నడిచే ఘట్టాల్లోని సేనానిని ఇంకో బృందం చేసింది. రెండు బృందాలకూ మధ్య ఒక గోడ ఉంది. ఆ గోడకు అటొక సేనాని, ఇటొక సేనాని.

జల్లెడ ఒక్కొక్కటీ రాసింది, ఒక్కొక్కటీ సర్దుకుంటూ వచ్చింది. సర్దుకోనిది చెంప మీది గీత ఒక్కటే. పెదవి చివర మొదలై చెవి కిందికి పాకే పాత గాయం తాలూకు గీత అది. ఆటలో ఎడమ చెంప మీద ఉండేది, సినిమా ఘట్టాల్లో కుడి చెంప మీద ఉండేది. ఆవిడ తప్పు రాస్తే, "ఇది తప్పు కాదు" అని ఎవరో మూసేసేవారు. ఆవిడ మళ్ళీ తెరిచేది, వాళ్ళు మళ్ళీ మూసేవారు. ఇలా కొన్ని వారాలు గడిచేసరికి ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. విసవిసా వెళ్ళి బొమ్మల విభాగం పెద్ద ముందు నిలబడింది.

ఆ పెద్దను అందరూ కుంచె అంటారు. సన్నగా పొడుగ్గా ఉంటాడు, నెత్తిన జుట్టు నిక్కబొడుచుకుని ఉంటుంది కాబట్టి. జల్లెడకు పాత స్నేహితుడు. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తినేవారు. అతని డబ్బాలోది ఆవిడా, ఆవిడ డబ్బాలోది అతనూ లాక్కునేవారు.

"సేనాని గీత మూసింది ఎవరు?" అంది జల్లెడ.

"నేనే."

"ఎందుకూ?"

"కత్తులు దూసుకుని మీద పడుతుంటే చెంప ఎవరు చూస్తారు, నువ్వు తప్ప?"

"ఆడేవాళ్ళు చూస్తారు. గుర్రం కాలికి నాడా లేదని గోలగోల చేసిన జనం వాళ్ళు. దెబ్బ తగిలినవాడికి ఒక వైపే తగులుతుంది. పూటకో వైపు తగలదు. కుడా, ఎడమా? ఒక్క మాట చెప్పు, పోతాను."

"విలన్ కదా. ఏదో ఒక వైపు. గీతంటూ ఉంటే చాలు."

ఆ మాట జల్లెడకు ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడో అప్పటికి ఆవిడకే తెలియలేదు. "గీతంటూ ఉంటే చాలా? మొహానికి అంటించుకునే స్టిక్కరా అది?" అని అరిచింది. మామూలు రోజుల్లో అయితే కుంచె మాటకు మాట అంటించేవాడు. ఆ రోజు తలెత్తలేదు. ఆవిడ మొహం వంక చూడకుండా నీళ్ళు నమిలాడు. పని ఒత్తిడి కాబోలు అనుకుని, ఆవిడ తప్పును మళ్ళీ తెరిచి ఇంటికి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున్నే చెల్లెలి షాపుకి వెళ్ళింది. చెల్లెలిది జుట్టు కత్తిరించే షాపు. ఇరుకు గది, రెండు కుర్చీలు, గోడంతా అద్దం. అక్క మెడకు గుడ్డ చుట్టి, జుట్టు తడిపి, దువ్వి, ఒక వైపు కత్తిరించాక చెల్లెలు చటుక్కున ఆగిపోయింది.

"అక్కా, ఎదురు గోడ మీద మీ గేము పోస్టర్ అంటించారు చూశావా?"

"ఆఫీసులో రోజూ చూసి చస్తున్నాను. ఇక్కడ కూడా ఎందుకు?"

"అది కాదే. వాడి గీత చూడు." చెల్లెలు గబగబా బయటికి వెళ్ళి, ఫోన్లో పోస్టర్ ఫొటో తీసుకొచ్చి, అద్దంలో కనిపిస్తున్న అక్క మొహం పక్కన పెట్టింది. "ఇప్పుడు చూడు."

జల్లెడ చూసింది.

ఆవిడ చెంప మీద కూడా ఒక గీత ఉంది. చిన్నప్పుడు కిటికీలోంచి తొంగి చూస్తుంటే పై అద్దం జారి పడింది. కుట్లు వేసిన డాక్టరు చెయ్యి చివర్లో వంకర పోయింది. దాంతో గీత చెవి దగ్గరికి వచ్చేసరికి కత్తెర నోరు తెరిచినట్టు రెండుగా చీలింది. బడిలో పిల్లలు పెట్టిన పేర్లూ, బస్సులో తల్లి కొంగు చాటుకు తప్పుకున్న పసివాళ్ళూ, "యాక్సిడెంటామ్మా?" అని జాలిపడే ముక్కూ మొహం తెలియనివాళ్ళూ అన్నీ దాటుకుని వచ్చింది. ఎప్పుడో అద్దంలో ఆ చోటును చూడకుండా తల దువ్వుకోవడం అలవాటు చేసుకుంది. అందుకే ప్రపంచంలోని తప్పులన్నీ పట్టే కంటికి, గుబురు గడ్డం ఉన్న మగాడి మొహం మీద తన చెంప కనబడలేదు.

సేనాని గీత కూడా చెవి దగ్గర కత్తెర నోరు తెరిచినట్టు రెండుగా చీలి ఉంది. వంపు అదే. మధ్యలో తన పుట్టుమచ్చ పక్కనున్న చిన్న మెలిక కూడా అదే.

"కానీ నాది ఎడమ వైపు. పోస్టర్లో వీడిది కుడి" అంది.

"అద్దంలో నువ్వు ఎలా కనిపిస్తావో అచ్చం అలాగే ఉందే. ఎదురుగా చూస్తే ఒక వైపు, అద్దంలో చూస్తే ఇంకో వైపు. ఇక్కడ నాకు రోజూ ఇదే గొడవ. పాపిడి ఎడమకి తియ్యమంటారు, ఎవరి ఎడమకో చెప్పరు." చెల్లెలు నవ్వబోయి, అక్క మొహం చూసి నోరు మూసుకుంది. "ఎవరే చేసింది? మీ వాళ్ళు నిన్ను అడిగారా?"

జల్లెడ మెడకున్న గుడ్డ లాగేసింది. సగం కత్తిరించిన జుట్టుతోనే కుర్చీలోంచి లేచింది. చెల్లెలు బలవంతాన కూర్చోబెట్టి రెండో వైపు కూడా సరిచేసి పంపింది.

మర్నాడు అందరికన్నా ముందు ఆఫీసుకి వెళ్ళింది. సేనాని బొమ్మకు ఆధారంగా కుంచె కూడబెట్టిన ఫొటోలన్నీ కంప్యూటర్లో ఒకచోట ఉంటాయి. తప్పు పట్టేవాళ్ళకు వాటిని తెరిచే వీలుంది, తెరిచే అవసరమే ఇన్నాళ్ళూ పడలేదు. తెరిచింది. పాత కోటలు, తుప్పు పట్టిన కత్తులు, గద్ద ముక్కు, తోడేలు కోరలు ఉన్నాయి. వాటి పక్కన రెండు చెంపలు.

రెండూ తనవే. ఒకటి ఉద్యోగం కార్డు మీది ఫొటోలోంచి కత్తిరించినది. రెండోది ఆఫీసు వార్షికోత్సవం నాడు తానే ఫోన్ ఎత్తి అందరితో కలిసి తీసుకున్నది. అలా ఎవరి ఫొటో వాళ్ళే తీసుకుంటే ఆవిడ ఫోన్ దాన్ని అద్దంలోలా తిరగేసి దాస్తుంది. చెంప వెనక కనిపిస్తున్న కంపెనీ బోర్డు ముక్క మీద అక్షరాలు కూడా తిరగబడే ఉన్నాయి. ఆట చేసినవాళ్ళు మొదటి ఫొటో చూసి గీశారు. సినిమా ఘట్టాల వాళ్ళూ పోస్టర్ వాళ్ళూ రెండోది చూశారు. గీత అటూ ఇటూ గెంతడం వెనక ఉన్న రహస్యం ఇంతే. రెండు ఫొటోల్లోనూ కళ్ళు లేవు, నుదురు లేదు. చెవి నుంచి పెదవి దాకా కోసిన ముక్క. గద్ద ముక్కునూ తోడేలు కోరలనూ ఆ రెండు చెంపలనూ కలిపి ఒక వరస చేసి, కింద ఒక మాట టైపు చేసి ఉంది: క్రూరత్వం.

జల్లెడ ఆ మాట వైపు చాలాసేపు చూసింది.

కుంచె టీ కప్పుతో లోపలికి వచ్చి, తెర మీద ఏముందో చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రా. భయమేస్తోందా? క్రూరమైన మొహం కదా" అంది జల్లెడ.

"అది... నీ మొహం వాడలేదు నేను. గీత ఒక్కటే."

"గీత నా మొహం కాదా? ఇంట్లో పెట్టి మర్చిపోయొచ్చానా?"

"నిదానంగా విను. బయట దొరికేవన్నీ మేకప్ గాయాలే. చూడగానే అబద్ధమని తెలిసిపోతుంది. నీది నిజమైనది. దాని వంపు చాలా బాగుంటుంది. అన్నం తినేటప్పుడు ఎదురుగా కూర్చుని ఎన్నోసార్లు అనుకున్నాను, అందంగా ఉంటుందని..."

"అందంగా ఉంటే రాణికి పెట్టకపోయావా?"

కుంచె చేతిలో కప్పు వంగింది. టీ ఒలికి చేతిమీద పడుతున్నా కప్పు సరిగ్గా పట్టుకోలేదు.

"ఎదురుగా కూర్చుని నా డబ్బాలో తింటూ నా చెంప కొలుచుకున్నావు. ఒక్కనాడైనా అడగాలనిపించలేదా?"

"అడిగితే ఒప్పుకోవని..."

"ఏంటీ?"

"అడిగితే ఒప్పుకోవని తెలుసు."

"అంటే తెలిసే చేశావు!" ఆ కేకకు పక్క గదుల్లో కుర్చీలు కదిలాయి. "తెలియక చేశావేమో అని రాత్రంతా నీ తరఫున నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా అంత బుద్ధి తక్కువది ఉండదు!"

విషయం పెద్దాయన దాకా వెళ్ళింది. పెద్దాయన కంపెనీ యజమాని. ఆఫీసులో చాలామందికన్నా వయసులో చిన్నవాడే, కుర్చీ పెద్దది. అద్దాల గదిలోకి ఇద్దరినీ పిలిచి, చేతులు కట్టుకుని, గొంతు మెత్తగా చేసుకున్నాడు.

"మీకు బాధ కలిగి ఉంటే క్షమించండి."

"కలిగి ఉంటే ఏంటండీ? కలిగింది. లేకపోతే ఇక్కడిదాకా ఎందుకొస్తాను?"

"అదే, అదే. మచ్చ తీసేయిస్తాను. మొత్తం గేములో ఎక్కడా లేకుండా. సరేనా?"

అంతటితో చేతులు దులుపుకున్నాడు. కుంచె తల ఊపాడు. జల్లెడకు సమాధానం దొరికినట్టు లేదు. కానీ అడగాల్సిందేమిటో ఆ క్షణాన మాట అందలేదు. సరే అని బయటికి వచ్చేసింది.

తీసేయడం మొదలైంది. గేము చిన్నదా చితకదా? ఒక చోట చెరిపితే ఇంకో చోట మిగిలేది. సేనాని ఇప్పుడు ఇంకా అన్యాయమైపోయాడు. కోట బయట గీత ఎడమ వైపు, మెట్ల మీద కుడి వైపు, పైకెక్కేసరికి అసలు లేదు. ఎక్కడెక్కడ మిగిలిపోయిందో వెతికి రాసే పని ఎవరికివ్వాలా అని చూశారు. అంత సూక్ష్మంగా చూసేవాళ్ళు ఆఫీసులో ఒక్కరే ఉన్నారు. పని వచ్చి జల్లెడ కంప్యూటర్లోనే పడింది. పంపినవాడు ఆలోచించి పంపలేదు. ఆలోచించకపోవడమే ఆ ఆఫీసు రోగం.

ఆవిడ మొండిగా కూర్చుంది. పనంటే పనే అనుకుంది. ఆడుతూ ఒక్కొక్కటే రాసింది.

కోట ద్వారం. మచ్చ ఇంకా కనిపిస్తోంది. తొలగించాలి.

పడవ మీద, రాణితో మాట్లాడేటప్పుడు. మచ్చ ఇంకా కనిపిస్తోంది. తొలగించాలి.

చెరసాల. దీపం వెలుగులో మచ్చ స్పష్టంగా కనిపిస్తోంది. తొలగించాలి.

అలా రాస్తూ రాస్తూ ఒకచోట ఆగింది. కుడి చెయ్యి మీటల మీద ఉంది. ఎడమ చెయ్యి ఎప్పుడు వెళ్ళిందో వెళ్ళి చెంపను కప్పుకుని ఉంది. బడి చదువు అయిపోయాక అలా కప్పుకోవడం ఎరగదు. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని, తాను రాసిన వరసలన్నీ మొదటి నుంచి చదివింది. తన చెంప కనబడటం తప్పని తన చేతులతోనే రాయించారు. ఒకసారి కాదు, పేజీల కొద్దీ. తప్పు చేసినవాడు అవతల గదిలో రబ్బరు పట్టుకుని మంచివాడైపోయాడు.

అద్దాల గదిలో అందని మాట ఇప్పుడు అందింది.

ఆ కంపెనీలో తప్పులకు తరగతులున్నాయి. రంగు తేడా, అక్షర దోషం లాంటివి చిన్న తరగతి. అన్నిటికన్నా పైది ఎర్ర తరగతి. ఎర్ర తప్పు పడితే, అది తీరేదాకా గేము గడప దాటడానికి వీల్లేదు. దాన్ని తెరిచినవాళ్ళే మూయాలి, పెద్దాయన కూడా మూయలేడు. ఆ నియమం పెట్టింది పెద్దాయనే. జల్లెడ తాను రాసిన చిన్న తప్పులన్నీ చెరిపేసి, వాటి స్థానంలో ఒకే ఒక్క ఎర్ర తప్పు రాసింది.

"సేనాని చెంప మీది గీత ఈ కంపెనీ ఉద్యోగిని చెంప మీంచి అడగకుండా తీసుకున్నది. ఆ ఉద్యోగిని నేనే. గీత కనబడటం తప్పు కాదు. తీసుకోవడం తప్పు. దాని పక్కన క్రూరత్వం అని రాయడం అంతకన్నా తప్పు."

మీట నొక్కింది. ఎర్ర తప్పు పడితే ఆఫీసులో అందరికీ ఒకేసారి కబురు వెళుతుంది. గదిలో ఫోన్లు ఒకదాని తరవాత ఒకటి టింగుమన్నాయి. తలలు లేచాయి, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు, అందరూ కలిసి ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

పెద్దాయన పరుగులాంటి నడకతో వచ్చాడు. "జల్లెడ గారూ, ఇలా అందరి ముందూ... గదిలోకి రండి, మాట్లాడుకుందాం."

"నా చెంప అందరి ముందే ఉందండీ. ఊరంతా గోడల మీద ఉంది. మాట్లాడేది కూడా ఇక్కడే మాట్లాడండి."

"తీసేయిస్తున్నాం కదా. ఇంకేం కావాలి మీకు? పరిహారమా? గేము చివర మీ పేరు వేయించమంటారా?"

"ఇంకేం కావాలని ఇప్పుడైనా అడిగారు, సంతోషం. అసలు అడగాల్సింది అది కాదు. మొదట అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఈ గదిలో ఇంతమంది ఉన్నారు, ఒక్కరంటే ఒక్కరు నన్నది అడగలేదు. తీసుకునేటప్పుడూ అడగలేదు, తీసేసేటప్పుడూ అడగలేదు. మచ్చ తొలగించాలి, మచ్చ తొలగించాలి అని నా చేతే రాయించారు. నాకు మచ్చ కాదండీ అది. నా మొహం. అడగండి."

"ఏం అడగమంటారు?"

"తీసుకునే ముందు ఏం అడిగి ఉండాలో అదే."

పెద్దాయన చుట్టూ చూశాడు. కుంచె గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎవరూ ఆదుకోలేదు. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "మీ... మీ చెంప మీది గీతను మా గేములో విలన్‌కి వాడుకోవచ్చా అండీ?"

"వద్దు" అంది జల్లెడ.

అంతే. ఆ ఒక్క మాట చెప్పి ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చున్నాక మిగతాది చెప్పింది. గీతను వెతికే పని తాను చెయ్యనని, తీసుకున్నవాళ్ళే వెతుక్కోవాలని, ఆ ఫొటోల వరస కంప్యూటర్లోంచి తన కళ్ళ ముందు చెరపాలని. చివరి గీత పోయాకే ఎర్ర తప్పు మూస్తానని.

గేము విడుదల వాయిదా పడింది. ఊళ్ళో పోస్టర్లు చింపి కొత్తవి అంటించారు. బొమ్మల విభాగం వాళ్ళకు సెలవులు పోయాయి. ఆఫీసులో అందరూ ఆవిడను భుజాన ఎత్తుకోలేదు. ఇద్దరు ముగ్గురు వచ్చి మంచి పని చేశారని చెవిలో గొణిగి వెళ్ళారు. చాలామంది మొహాలు మాడ్చుకున్నారు. కాఫీ యంత్రం దగ్గర ఒకడు "ఒక గీత కోసం ఇంత రాద్ధాంతమా" అన్నాడు, వినబడాలనే. జల్లెడ కప్పు కింద పెట్టి, "గీతే కదా. నీ మొహం మీంచి ఇవ్వు, రేపే విడుదల చేద్దాం" అంది. వాడు కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

కుంచె బృందం చివరి ఘట్టం దాకా వెతికింది. ఆవిడ సరిచూసి ఎర్ర తప్పును మూసింది. గేము బయటికి వచ్చింది. ఆడినవాళ్ళు బాగుందన్నారు. కొలువులో సేనాని అంగీ ఒక్కచోట ఇంకా నీలంగానే మిగిలిపోయిందని కనిపెట్టి, దాని మీద బోలెడు జోకులు వేసుకున్నారు. గీతల గొడవలో ఆ అంగీ జల్లెడ కంట పడలేదు. పడలేదని చెల్లెలు ఆటపట్టిస్తే, చాలాకాలం తరవాత మొదటిసారి గట్టిగా నవ్వింది.

నవ్విందని కోపం పోలేదు. మధ్యాహ్నం వేరే బల్ల దగ్గర, కిటికీ పక్కన, ఒక్కతే తినేది. కుంచె దూరం నుంచి చూసి డబ్బా మూసుకుని తన గదికి వెళ్ళిపోయేవాడు.

ఒక సాయంత్రం బస్సు కోసం నిలబడి ఉంటే అతను వచ్చి పక్కన నిలబడ్డాడు. మరీ దగ్గరగా కాదు.

"తప్పు చేశాను" అన్నాడు. "అందంగా ఉందనో, వేరేచోట దొరకలేదనో ఇంకేం చెప్పను. క్రూరత్వం అని రాసింది కూడా నేనే. నిన్ను తలుచుకుని రాయలేదు. నిన్ను తలుచుకోకపోవడమే తప్పు."

"ఊఁ."

"కోపం పోలేదా?"

"లేదు."

"ఎప్పటికి పోతుంది?"

జల్లెడ అతని వైపు తిరిగింది. అతను ఈసారి చూపు తిప్పుకోలేదు. ఆవిడ కళ్ళలోకే చూశాడు.

"నాకేం తెలుసు? పోయినప్పుడు నేనే చెబుతాను. అప్పటిదాకా రోజూ వచ్చి అడక్కు. చిరాకు."

"సరే" అన్నాడు కుంచె.

బస్సు వచ్చింది. జల్లెడ ఎక్కి, కిటికీ పక్క సీటు దొరికితే కూర్చుంది. ఎదురు సీట్లో తల్లి ఒళ్ళోని పిల్ల ఆవిడ చెంప వంకే కళ్ళార్పకుండా చూస్తోంది. చూస్తే చూడనీ అని, ఆవిడ మొహం తిప్పుకోకుండా అలాగే కూర్చుంది.